బీరువాలో మడతపెట్టిన గుడ్డ పొదుపు కాదమ్మా

ప్రశ్న: మాది హనుమకొండ. మా ఆయన విత్తనాల దుకాణంలో గుమాస్తా, జీతం 26 వేలు. నేను ఇంట్లో మిషన్ కుడతా, నెలకు నాలుగున్నర వేల దాకా వస్తయి. లైనింగ్ జాకెట్‌కు 200 తీసుకుంటా. ఇంటి ఖర్చులు 22 వేలు. లక్ష రూపాయల చిట్టీకి నెలకు 5 వేలు కడుతున్నం, ఇంకా 11 నెలలుంది. బ్యాంకులో 12 వేలున్నయి. ఇద్దరు ఆడపిల్లలు, ఒకరికి 8, ఒకరికి 11 ఏండ్లు. వాళ్లకు, నాకు కలిపి వచ్చే ఏడాదికి 24 డ్రెస్సులు కుట్టాలని ప్లాన్ రాసుకున్న. పోయినేడు ఇంటికోసం 9 కుట్టిన. ఇప్పటికే 37 గుడ్డలు కొనిపెట్టిన, 41 వేలయింది. ఇది పెట్టుబడే కదా. ఇప్పుడు 45 వేల ఎంబ్రాయిడరీ మిషన్‌కు, బతుకమ్మకు మరో 15 వేల గుడ్డలు, ప్యాటర్న్‌లకు కలిపి యాప్‌లో 60 వేల లోన్‌కు అప్లై చేసిన. నెలకు 3,300 చొప్పున 24 కిస్తీలు. ఈ లోన్ తీసుకోవాలా, లేక నా రెండు తులాల గొలుసు కుదువపెట్టాలా?

జవాబు: రెండూ వద్దమ్మా.

మీ ఉత్తరాన్నే ఎంచుకోవడానికి కారణముంది. పచ్చళ్లు పెట్టేవాళ్లు, పిండివంటలు చేసేవాళ్లు, చీరలు తెచ్చి అమ్మేవాళ్లు కూడా నాకు ఇలాగే రాస్తుంటారు. పని వేరు కానీ తప్పు ఒకటే. కొనిపెట్టిన సరుకును పొదుపు కింద రాసుకుంటారు. చేతిలో పైసలు అయిపోగానే ఆ సరుకు మీదే ఇంకో అప్పుకు పోతారు.

మీ లెక్కే చూద్దాం. ప్లాన్‌లో ఉన్నవి 24 డ్రెస్సులు, బీరువాలో ఉన్నవి 37 గుడ్డలు. అంటే 13 గుడ్డలకు అసలు ప్లానే లేదు. ఏడాదికి 9 కుట్టే వేగంతో ఈ 37 అయిపోవడానికి నాలుగేళ్లు కావాలి. ఇవాళ చిన్నదాని కొలతలకు రెండు మీటర్లు తెచ్చి దాచారనుకోండి, మీరు కత్తెర పట్టేనాటికి ఆ పిల్ల నాలుగు అంగుళాలు ఎదిగి ఉంటుంది, గుడ్డ మాత్రం ఎదగదు. పట్టు గుడ్డయితే మడత దగ్గర జరీ చిట్లుతుంది. పెట్టుబడి అంటే అవసరమైన రోజు మళ్లీ పైసలుగా మారేది. రాత్రి పదకొండింటికి ఆసుపత్రిలో అడ్వాన్స్ కట్టమంటే మీ 41 వేల గుడ్డల మీద ఎవరూ నాలుగు వేలు కూడా ఇవ్వరు.

ఇది నేను చూసిందే. మా అమ్మ కరీమాబాద్‌లో మిషన్ కుట్టేది. ట్రంకు పెట్టె నిండా గుడ్డలుండేవి. పండగకు ముందు కొంటే చవక అని ఎప్పటికప్పుడు తెచ్చి పెట్టేది. ఒక రాత్రి నాన్నకు కడుపునొప్పి వచ్చింది, తెల్లారేసరికి ఆపరేషన్ అన్నారు. ఇంట్లో వెయ్యి రూపాయలు లేవు. నూటికి ఐదు రూపాయల మిత్తికి తెచ్చాం. అది తీర్చడానికి మూడేళ్లు పట్టింది. ట్రంకు పెట్టె మాత్రం నిండుగానే ఉంది. పైసల సలహాలు చెప్పే ఈ పనిలోకి వచ్చిన నాటినుంచి ఎవరొచ్చినా ముందు ఒకటే అడుగుతాను: జీతం ఆగిపోతే ఎన్ని నెలలు ఇల్లు గడుస్తుంది? మీ దగ్గరున్న 12 వేలతో పదహారు రోజులు గడుస్తుంది. మూడు వారాలు కూడా కాదు. ఈ స్థితిలో ఉండి ఎంబ్రాయిడరీ మిషన్ గురించి ఆలోచించడం నాకు భయంగా ఉంది.

ఇక యాప్ లోన్. 3,300 చొప్పున 24 కిస్తీలంటే 79,200. తీసుకునేది 60 వేలు, మిత్తి 19,200. ప్రాసెసింగ్ ఫీజు కింద ముందే ఎంత పట్టుకుంటారో మీరు రాయలేదు, బహుశా చూసి ఉండరు. మీ రేటులో 3,300 రావాలంటే నెలకు 17 జాకెట్లు కుట్టాలి. ఇప్పుడు మీరు కుట్టేదే నెలకు 22, 23. అంటే మీ మిషన్ తొక్కుడులో మూడొంతులు రెండేళ్లపాటు ఆ యాప్‌కే పోతుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వచ్చాయంటే పెళ్లిళ్లుండవు, పెళ్లి జాకెట్లుండవు. కిస్తీకి మాత్రం శూన్యమాసం లేదు. ఒక్క కిస్తీ తప్పితే అదనపు చార్జీలు, ఫోన్లు, ఆ తర్వాత ఆ కిస్తీ కట్టడానికి ఇంకో యాప్. పండగ గుడ్డ కోసం అప్పు తెచ్చి ఈ దారిలో పడ్డ ఇళ్లను నేను లెక్కలేనన్ని చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

గొలుసు మీ ఇంట్లో మిగిలిన ఆఖరి ఆసరా. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్ప దాన్ని కదపొద్దు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. మీ లక్ష్యం 66 వేల ఆపద నిధి, అంటే మూడు నెలల ఇంటి ఖర్చు. ఆరు నెలలది ఉంటే నాకు నిద్ర పడుతుంది కానీ ముందు మూడు నెలలది చేయండి. ఖర్చులు, చిట్టీ పోగా నెలకు మీకు 3,500 మిగలాలి. అదే ఇన్నాళ్లూ గుడ్డలైంది. ఇకనుంచి అందులో 3,000 ప్రతి నెలా వేరే ఖాతాలో వేయండి. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు తీసుకోకండి, ఫోన్‌పేకు కలపకండి. పాస్‌బుక్ ఎక్కడుందో మాత్రం మీ ఆయనకూ తెలియాలి.

రెండోది, బీరువా ఖాళీ చేయడం. ప్లాన్‌లో లేని ఆ 13 గుడ్డలు బయటికి తీయండి. బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూలకు ఇంకా మూడు నెలల టైముంది. వాడకట్టులో ఆడపిల్లలున్న ఇళ్లకు చూపించండి: గుడ్డ కొన్న ధరకే ఇస్తా, కుట్టుకూలి విడిగా తీసుకుంటానని చెప్పండి. 13 గుడ్డలకు సుమారు 14 వేలు తిరిగొస్తాయి, కూలి అదనం. దాంతోపాటు నెలకు 3,000 మూడు నెలలు, బ్యాంకులో ఉన్న 12 వేలు కలిపితే సద్దుల బతుకమ్మ నాటికి 35 వేలు. సగం దాటారు.

మిగిలిన 24 గుడ్డల ప్లాన్‌ను తిరగేసి రాయండి. మీరు ముందు ప్యాటర్న్ చూసి దానికి గుడ్డ కొంటున్నారు. ఇకమీదట ఉన్న గుడ్డను టేపుతో కొలిచి, పన్నా (వెడల్పు) ఎంతో, పొడవెంతో ఒక చీటీ కుట్టి పెట్టి, దాంట్లో ఏది వస్తుందో అదే కుట్టండి. డిజైన్ ఎంపికలో ఎన్ని పైసలు పోతాయో ఒక్క లెక్క చెబుతాను. నడుము 22, పొడవు 26 అంగుళాల పిల్లకు ఫుల్ అంబ్రెల్లా (పూర్తి గుండ్రం) లంగా కత్తిరిస్తే 44 అంగుళాల పన్నా గుడ్డ మూడు మీటర్ల పైన పడుతుంది. అదే హాఫ్ అంబ్రెల్లా (సగం గుండ్రం) అయితే పావు తక్కువ రెండు మీటర్లతో అయిపోతుంది. బతుకమ్మ చుట్టూ తిరిగే పిల్లకు ఆ రెండో లంగా కూడా బాగానే విచ్చుకుంటుంది. కొత్త ప్యాటర్న్‌లు కొనడం ఆపండి. ఒక్కో పిల్లకు ఒక్క బేసిక్ డ్రాఫ్ట్, అంటే ఒంటి కొలతల మూస, బ్రౌన్ షీట్ మీద గీసుకుంటే కుర్తీ, ఫ్రాక్, అనార్కలి అన్నీ దాన్నుంచే తీయొచ్చు, మీకు ఆ పని వచ్చు కూడా. ఆన్‌లైన్‌లో ఇంతకుముందు కొన్నవి ఉంటే జిరాక్స్ షాపులో సైజు తగ్గించకుండా ప్రింట్ తీయించి, దానిమీద ఉండే కొలత గడిని టేపుతో సరిచూశాకే కత్తెర పెట్టండి. కొత్త మోడలైతే మొదట పాత నూలు చీర మీద కుట్టి చూడండి. కాటన్ గుడ్డ, లైనింగ్ నీళ్లలో తడిపి ఆరేశాకే కత్తిరించండి. పాడైన ప్రతి గుడ్డా మీ ఆపద నిధిలోంచి పోయిన పైసే.

చిట్టీ మధ్యలో పాడకండి. ఆఖర్న వచ్చిన దాంట్లో ముందు 66 వేలకు ఎంత తక్కువైతే అంత నింపండి, మిగిలిన దాంతో మిషన్ సంగతి చూద్దాం. అప్పటిదాకా ఎంబ్రాయిడరీ అడిగినవాళ్ల జాకెట్లను కంప్యూటర్ వర్క్ (మిషన్ ఎంబ్రాయిడరీ) చేసేవాళ్లకిచ్చి, మధ్యలో మీ కూలి పెట్టుకోండి. ఆరు నెలలు అలా చేస్తే నెలకెన్ని ఆర్డర్లొస్తాయో తెలుస్తుంది. అప్పు లేకుండా కుదరదనుకున్న రోజున మహిళా సంఘం లోన్ అడగండి. పీఎం విశ్వకర్మలో దర్జీలకు 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష దాకా ఇస్తారు, దాన్నీ కనుక్కోండి. అవీ అప్పులే, ఆపద నిధి తర్వాతే.

మీ ఆయనకు బీమా ఉందో లేదో రాయలేదు. ఆరోగ్యశ్రీ 10 లక్షల దాకా ఉంది కదా అని ఊరుకోకండి. బయట రాసే మందులు, ఆటో, పక్కన ఉండే మనిషి తిండి, పనికి పోని రోజుల జీతం అందులో రావు. బ్యాంకు ఖాతా నుంచే ఏడాదికి 436 రూపాయల జీవన జ్యోతి (జీవిత బీమా), 20 రూపాయల సురక్ష బీమా (ప్రమాద బీమా) ఇద్దరి పేరునా ఈ వారమే రాయించండి. ఒక్కో మనిషికి 456 రూపాయలు, ఒక గుడ్డ ఖరీదులో సగం కూడా కాదు. టర్మ్ పాలసీ సంగతి చిట్టీ అయ్యాక మాట్లాడుకుందాం.

యాప్‌లో దరఖాస్తు ఇంకా నడుస్తుంటే ఇవాళే రద్దు చేయండి. ఈ జవాబు చదివేలోపు పైసలు ఖాతాలో పడ్డా కంగారు పడకండి, ఒక్క రూపాయి కూడా ముట్టుకోకండి. డిజిటల్ లోన్లకు వెనక్కి తగ్గే గడువు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఆ గడువులోపు అసలు, ఆ రోజుల వడ్డీ కట్టేస్తే జరిమానా వేయకూడదు. ప్రాసెసింగ్ ఫీజు పోతే పోనివ్వండి. గడువు ఎన్ని రోజులో మీ లోన్ పత్రంలో రాసి ఉంటుంది, ఒక్కోచోట ఒక్క రోజే ఉంటుంది కాబట్టి రేపటిదాకా ఆగకండి.