పొట్ట ఏమీ అనట్లేదు కదా అంటే సరిపోదు

గోధుమ, బార్లీ, రై లాంటి ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడక పేగు దెబ్బతినే జబ్బు సీలియాక్. పోయిన నెల దాని గురించి రెండు లైన్లు రాసి వదిలేశా, దానికి వచ్చిన ప్రశ్నలు చూశాక అలా తప్పించుకోవడం కుదరదని అర్థమైంది. ఒక్కో ఉత్తరంలో నాలుగైదు ప్రశ్నలున్నాయి, అన్నీ వేయలేను, ఎక్కువమంది అడిగినవే తీసుకున్నా. పేర్లు వేయట్లేదు. నేను డైటీషియన్ని, మందుల సంగతి మీ డాక్టర్ గారినే అడగండి.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఆరేళ్లుగా రక్తం తక్కువే, ఐరన్ మాత్రలు వేసుకుంటే కొంచెం పెరుగుతుంది, మానేస్తే మళ్ళీ మొదటికే. అప్పుడప్పుడు ఉబ్బరం తప్ప పొట్టలో వేరే బాధేం లేదు. డాక్టర్ గారు సీలియాక్ టెస్ట్ రాశారు. ఈలోపు వీడియోలు చూసి గోధుమ మొత్తం మానేశా, నిజం చెప్పాలంటే హాయిగానే ఉంది. మూడు నెలలయ్యాక టెస్ట్ చేయించుకుంటే నెగటివ్ వచ్చింది. అంటే నాకు లేనట్టేనా?

జవాబు: లేదనీ చెప్పలేం, ఉందనీ చెప్పలేం. టెస్ట్ దేనికోసం వెతుకుతుందో దాన్ని మీరే ముందుగా తుడిచేశారు మరి. మీకు రాసింది టీటీజీ ఐజీఏ అనే రక్త పరీక్ష అయ్యుంటుంది. సీలియాక్ ఉన్నవాళ్లు గ్లూటెన్ తింటుంటే వాళ్ల ఒంట్లో తయారయ్యే ఐజీఏ అనే రకం యాంటీబాడీల్ని అది కొలుస్తుంది, తినడం ఆపేస్తే అవి వారాల్లో, నెలల్లో తగ్గిపోతూ వస్తాయి, అప్పుడు వచ్చే నెగటివ్‌కి విలువ లేదు. ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు, నా దగ్గరికొచ్చేవాళ్లలో చాలామంది ఇలా మానేశాకే వస్తారు, పాపం వాళ్లని మళ్ళీ తినమని చెప్పాల్సి రావడం నాకే బాధగా ఉంటుంది.

ముందు మీ డాక్టర్ గారిని మెచ్చుకోవాలి. రక్తహీనత చూసి పేగుని అనుమానించడం అందరూ చేసే పని కాదు. చిన్నపేగు లోపలి గోడ నున్నగా ఉండదు, టర్కీ టవల్ నూగులాగా సన్నని మొలకలుంటాయి, వాటిని విల్లై అంటారు, తిన్నదాంట్లో సారమంతా లోపలికి వెళ్లేది వాటి గుండానే. సీలియాక్‌లో గ్లూటెన్ తగిలినప్పుడల్లా మన రోగనిరోధక వ్యవస్థే ఆ నూగుని అరగదీస్తుంది, చివరికి టవల్ కాస్తా నున్నటి గుడ్డ అవుతుంది. ఐరన్ ఎక్కువగా లోపలికెళ్లేది చిన్నపేగు మొదటి భాగంలో, దెబ్బ ఎక్కువగా తగిలేదీ అక్కడే. మరి మాత్రలు ఎన్ని మింగితే మాత్రం ఏం లాభం. విరేచనాలు లేవు కాబట్టి సీలియాక్ కాదు అనుకునే రోజులు పోయాయండీ, పెద్దవాళ్లలో చాలామందికి బయటపడేది ఇలా రక్తహీనతగానో, ఎముకలు పల్చబడటంగానో, పిల్లలు పుట్టకపోవడంగానో.

ఇప్పుడేం చేయాలంటే, గోధుమ ఏ తారీఖున మానేశారో డాక్టర్ గారికి ఉన్నదున్నట్టు చెప్పండి. సాధారణంగా ఆయన మళ్ళీ తినమంటారు, రోజుకి రెండు బ్రెడ్ ముక్కలంత, కొన్ని వారాలపాటు, దీన్నే గ్లూటెన్ ఛాలెంజ్ అంటారు, ఎన్ని వారాలనేది ఆయనే చెప్తారు. ఆ తర్వాత టెస్ట్, దాంతోపాటు టోటల్ ఐజీఏ కూడా చేయించమని అడగండి, ఎందుకంటే కొంతమందికి ఒంట్లో ఐజీఏనే తయారవదు, సీలియాక్ ఉన్నవాళ్లలో నూటికి ఇద్దరు ముగ్గురు అలా ఉంటారు, వాళ్లకి జబ్బు ఉన్నా టెస్ట్ నెగటివే వస్తుంది. పాజిటివ్ వస్తే ఎండోస్కోపీ చేసి పేగు నుంచి చిన్న ముక్కలు తీస్తారు, ఒకటి కాదు, కనీసం నాలుగు, ఎందుకంటే దెబ్బ అక్కడక్కడా మచ్చలుగా ఉంటుంది, ఒక్క ముక్కే తీస్తే బాగున్న చోటు తగలొచ్చు.

మళ్ళీ తినడం నావల్ల కాదు అనిపిస్తే హెచ్ఎల్ఏ డీక్యూ2, డీక్యూ8 అనే జీన్ టెస్ట్ ఉంది, దానికి తిండితో పనిలేదు. రెండూ లేకపోతే సీలియాక్ దాదాపు లేనట్టే. ఉంటే మాత్రం ఏమీ తేలదు, మామూలు జనంలోనే నూటికి 30, 40 మందికి ఆ జీన్లుంటాయి, జబ్బు వచ్చేది దాదాపు ఒకరికి.

ఇక ‘హాయిగా ఉంది’ అన్నారు చూడండి, అదొక్కటే పట్టుకుని నిర్ణయానికి రాకండి. గోధుమలో గ్లూటెన్ ఒక్కటే లేదు, ఫ్రక్టాన్లు అని ఒకరకం పిండిపదార్థాలు కూడా ఉంటాయి, ఉల్లి వెల్లుల్లిలో ఉండేవే. గ్లూటెన్ పడదు అని తమంతట తాము మానేసిన, సీలియాక్ లేని 59 మందికి నార్వేలో ఏది ఏదో చెప్పకుండా చిరుతిండి బార్లు తినిపించి చూశారు, 2018లో అచ్చయింది, ఉబ్బరం ఎక్కువగా వచ్చింది ఫ్రక్టాన్ బార్ తిన్నప్పుడు, గ్లూటెన్ బార్‌తో కాదు.

ప్రశ్న: మావారికి రెండేళ్ల క్రితం బయాప్సీలో సీలియాక్ తేలింది. ఇంట్లో అంతా జాగ్రత్తగా వండుతున్నా. ఆఫీసులో మాత్రం వారానికి రెండుసార్లు కేక్, బిస్కెట్లు తినేస్తారు, ‘తింటే నాకేం కావట్లేదు కదా’ అంటారు. మొన్న టీటీజీ ఇంకా ఎక్కువే వచ్చింది. ఎలా చెప్పాలో తెలియట్లేదు.

జవాబు: ఆయన అబద్ధం చెప్పట్లేదమ్మా, నిజంగానే ఏమీ అనిపించకపోవచ్చు. ఈ జబ్బుతో వచ్చిన చిక్కే అది, పొట్ట ఊరుకున్నా పేగు ఊరుకోదు. అందుకే ఆయనతో వాదన పెట్టుకోకండి, రిపోర్టు ముందు పెట్టండి. జాగ్రత్తగా ఉన్నవాళ్లకి టీటీజీ నెలనెలకీ దిగుతూ, చాలామందికి ఏడాది రెండేళ్లలో మామూలుకొస్తుంది, రెండేళ్లయినా దిగలేదంటే ఎక్కడో గ్లూటెన్ వెళ్తోందనే ముందు అనుమానించాలి, ఎక్కడో కూడా మీకు తెలుసు.

లెక్క చెప్తే కొందరికి ఎక్కుతుంది. ఇటలీలో ఒక ప్రయోగం చేశారు, 2007లో అచ్చయింది, సీలియాక్ ఉన్నవాళ్లకి రోజుకి 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు ఇచ్చి పేగు చూస్తే అంతకే నూగు అరగడం కనిపించింది. ఒక బ్రెడ్ ముక్కలో సుమారు రెండు గ్రాములుంటుంది, అంటే ముక్కని నలభై వంతులు చేస్తే అందులో ఒక్క వంతు. బల్ల మీద రాలిన పొడి అనుకోండి. కేక్ ముక్క సంగతి ఇక వేరే చెప్పాలా.

భయపెట్టడం నాకు ఇష్టం ఉండదు, కానీ దాచడం కూడా తప్పే. ఇలా ఏళ్లతరబడి లోపల మంట రగులుతూ ఉంటే ఎముకలు గుల్లబారతాయి, రక్తహీనత తిరగబెడుతుంది, చాలా అరుదుగా పేగులో లింఫోమా అనే కేన్సర్ కూడా రావొచ్చు. ఆయనకి ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ అయిందో లేదో కనుక్కోండి, మగవాళ్లకి అక్కర్లేదనుకుని వదిలేస్తుంటారు.

దీనికి ఇప్పటికీ ఆమోదం పొందిన మందు లేదు, తిండే మందు. ఆ సంగతి బలపడిందీ ఒక కరువులోనే. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో బ్రెడ్ దొరక్కపోతే అందరూ చిక్కిపోతుంటే సీలియాక్ పిల్లలు మాత్రం కోలుకున్నారట, బ్రెడ్ మళ్ళీ రాగానే తిరగబెట్టింది. విలెమ్ డికె అనే పిల్లల డాక్టర్‌కి గోధుమ మీద అప్పటికే అనుమానం ఉంది, 1950లో దాన్నే థీసిస్‌గా రాశారు. గ్లూటెన్‌ని అరిగించేస్తాం అని అమ్మే ఎంజైమ్ మాత్రలు వేసుకుని కేక్ తింటాను అంటారేమో, వాటిని నమ్ముకుని తినొద్దని చెప్పండి. ఆఫీసుకి ఆయన బిస్కెట్ల డబ్బా ఆయనే పట్టుకెళ్తే సగం గొడవ తీరుతుంది, చేతిలో ఏమీ లేనప్పుడే మనిషి కేక్ వైపు చూస్తాడు.

ప్రశ్న: మా పాపకి ఎనిమిదేళ్లు, పోయిన నెలే తెలిసింది. ఇంట్లో మిగతా ముగ్గురం గోధుమ తింటాం. వంటగదిలో సామానంతా మార్చాలా? గ్లూటెన్ వేడికి పోతుంది కదా?

జవాబు: వేడికి పోదు. అది క్రిమి కాదు, ప్రోటీన్, ఉడికించినా వేయించినా కాల్చినా దాని పని అది చేస్తుంది. పోవాలంటే సబ్బు, నీళ్లు, రుద్దడం.

అన్నీ పారేయక్కర్లేదు, స్టీలు, గాజు సామాను బాగా కడిగితే చాలు. మార్చాల్సినవి పిండి ఇరుక్కునేవి. జల్లెడ మొదటిది, దాని సందుల్లోంచి పిండి ఎంత కడిగినా పోదు. చెక్క గరిటెలు, పిండి ఒత్తే కర్ర, టోస్టర్, గీతలు పడ్డ నాన్‌స్టిక్ పెనం, ఇవి పాపకి విడిగా పెట్టండి, ఏదో ఒక రంగు టేప్ చుట్టేస్తే ఇంటికొచ్చిన చుట్టాలకి కూడా అర్థమవుతుంది.

అందరూ మర్చిపోయేది వెన్న డబ్బా. నాన్నగారు బ్రెడ్‌కి వెన్న రాసి అదే కత్తి మళ్ళీ డబ్బాలో పెడతారు, పసుపుపచ్చ వెన్నలో గోధుమరంగు పొడి నలుసులు నాలుగు మిగిలిపోతాయి, తర్వాత పాప అదే వెన్న రాసుకుంటుంది. జామ్ సీసా కథా అంతే. పాపవి వేరే సీసాలు పెట్టి పేరు రాసేయండి. బ్రెడ్ ముక్కలద్ది వేయించిన నూనెలో ఆలుగడ్డలు వేయించినా, గోధుమ ఉడికిన నీళ్లలో ఇంకోటి ఉడికించినా కలిసిపోయినట్టే. మైదా కలిపేటప్పుడు పిండి గాల్లో లేచి అన్నిటిమీదా పడుతుంది కాబట్టి ఆమె వంట ముందు చేసి మూతపెట్టండి, మీది తర్వాత. బియ్యం, జొన్న, మొక్కజొన్నల్లో గ్లూటెన్ సమస్య లేదు, కానీ గోధుమ ఆడిన మరలోనే వాటి పిండి ఆడిస్తే లాభం లేదు.

కొనేవాటికి లేబుల్ చదవడం అలవాటు చేసుకోవాల్సిందే. ‘గోధుమ లేదు’ అన్నంత మాత్రాన గ్లూటెన్ లేనట్టు కాదు, బార్లీ, రై ఉండొచ్చు. మాల్ట్ అని కనిపిస్తే అది చాలావరకు బార్లీనే, పిల్లల చాక్లెట్ పొడుల్లో, కార్న్‌ఫ్లేక్స్‌లో దొరుకుతుంది. సోయా సాస్ మామూలుగా గోధుమతోనే చేస్తారు. మైదా, బొంబాయి రవ్వ గోధుమే అని మీకు చెప్పక్కర్లేదు. బక్‌వీట్ పేరులో వీట్ ఉన్నా గోధుమ కాదు, కంగారుపడకండి. ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని వేయాలంటే కోడెక్స్ అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 20 పీపీఎంకి మించకూడదు, అంటే కిలోకి 20 మిల్లీగ్రాములు, ఆ మాత్రం దాదాపు అందరికీ ఇబ్బంది పెట్టదు. ఓట్స్ దగ్గర కొంచెం ఆగండి, గోధుమ కలవనివి చాలామందికి పడతాయి, అందరికీ కాదు, అందుకని మొదట్లో వద్దు, టీటీజీ దిగాక డాక్టర్ గారిని అడిగి మొదలుపెట్టొచ్చు.

ఇంకొకటి, పాప ముందు ప్రతిసారీ ‘అయ్యో ఇది నీకు వద్దమ్మా’ అనకండి. ఎవరేం పెట్టినా ‘ఇందులో గోధుమ ఉందా?’ అని తనే అడగడం నేర్పండి, ఎనిమిదేళ్ల పిల్లకి ఆ పాటి తెలివి ఉంటుంది, మనకంటే బాగా పాటిస్తారు.

ప్రశ్న: షాంపూలో, క్రీముల్లో గ్లూటెన్ ఉంటే ప్రమాదమా?

జవాబు: చర్మంలోంచి పేగుకి వెళ్లదు, కంగారు అక్కర్లేదు. లిప్‌స్టిక్, పిల్లలు నోట్లో పెట్టుకునే ఆటబంకమట్టి, వీటికి మాత్రం చూసుకోండి. మోచేతులు, మోకాళ్లు, పిరుదుల మీద దురదతో పొక్కులు గుంపులుగా వస్తుంటే అది క్రీము వల్ల అనుకోకుండా చర్మం డాక్టర్‌కి చూపించండి, డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్ అని సీలియాక్‌కే చర్మం మీద కనిపించే రూపం ఒకటుంది.

ప్రశ్న: ఏడాదిగా గ్లూటెన్ ముట్టలేదు. టీటీజీ మామూలుకొచ్చింది. కానీ ఉబ్బరం పోలేదు, పైగా ఆరు కిలోలు పెరిగా. ఇదేం న్యాయం?

జవాబు: న్యాయం కాదు కానీ కారణం ఉంది. నూగు తిరిగి మొలిచాక తిన్నదంతా ఒంటికి పడుతోంది, ఇన్నాళ్లూ సగం వృథాగా పోయేది కాబట్టి ఎక్కువ తినే అలవాటుండి ఉంటుంది. దానికితోడు గ్లూటెన్ ఫ్రీ ప్యాకెట్ తిండి, గ్లూటెన్ ఇచ్చే సాగుడు కోసం అందులో పిండి, నూనె, చక్కెర దట్టిస్తారు, పీచు తక్కువ. గ్లూటెన్ ఫ్రీ బిస్కెట్ కూడా బిస్కెట్టే. పప్పులు, కూరలు, పండ్లు, చిరుధాన్యాల మీద బతకండి, అవి పుట్టుకతోనే గ్లూటెన్ లేనివి.

ఉబ్బరానికి ముందు పాలు అనుమానించండి. పాలలోని లాక్టోజ్‌ని అరిగించే ఎంజైమ్ ఆ నూగు కొసల్లోనే తయారవుతుంది, పెద్దవాళ్లకి పూర్తిగా మొలవడానికి రెండేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. రెండు వారాలు పాలు మాని పెరుగు తిని చూడండి. అప్పటికీ తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, టీటీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన పేగు పూర్తిగా మానిందని కాదు, పైగా చిన్నపేగులో బ్యాక్టీరియా పెరిగిపోవడం లాంటివి వేరే చూడాలి. బి12, ఫోలేట్, డి విటమిన్ కూడా ఒకసారి చేయించండి.

ప్రశ్న: మా అన్నయ్యకి సీలియాక్ అని తేలింది. నాకే ఇబ్బందీ లేదు. నన్ను కూడా టెస్ట్ చేయించుకోమంటున్నారు, అవసరమా?

జవాబు: అవసరమే. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో పదిమందిలో ఒకరికి అటూఇటూగా ఉంటుంది, వాళ్లలో చాలామంది మీలాగే ఏ ఇబ్బందీ లేదన్నవాళ్లే. ముందు ఒక్క రక్త పరీక్ష, అంతే. మీకు థైరాయిడో, టైప్ 1 షుగరో కూడా ఉంటే ఇంకా ఆలస్యం చేయొద్దు, అవి దీంతో జంటగా వస్తుంటాయి. అన్నయ్యకి తోడుగా ఉందామని మీరు కూడా ఇప్పుడే గోధుమ మానేశారేమో, రక్తం ఇచ్చేదాకా మాత్రం ఆ పని చేయకండి.