గుల్లల కుప్ప కనిపిస్తే తిని పారేసిందే అనుకోవచ్చా?

గంజాం తీరంలో ఇంటి పునాది తవ్వుతుంటే గుల్లలు, ఎముకలు, కుండపెంకులు వచ్చాయని, అవి పాతకాలపు వాళ్ళు తిని పారేసినవేనా అని అడిగారు. మాది బరంపురం. చదువుకునే రోజుల్లో చిలికా దగ్గర ఒక తవ్వకంలో రెండు నెలలు జల్లెడ పట్టాను.

అప్పుడే ఆ ఊరి చివర కాలిన గుల్లల కుప్ప చూసి, పాత వంటింటి చెత్త దొరికిందని ఎంతో సంబరపడ్డాను. అమ్మమ్మది గోపాల్‌పూర్‌లో చేపలు పట్టే వాడబలిజల ఇల్లు. ఫొటో చూడగానే "తిండి కాదమ్మా, గుల్లసున్నం కాల్చిన చోటు" అంది. మర్నాడు మళ్ళీ వెళ్ళి చూశాను. అంతా ఒకే రకం గుల్ల, నడుమ బొగ్గు, పొడిపొడిగా సున్నం. ఒక్క చేపముల్లు లేదు, ఒక్క పెంకు లేదు.

తిని పారేసిన చోట అన్నీ కలగలిసి ఉంటాయి: రకరకాల గుల్లలు, మసిపట్టిన పెంకులు, బూడిద, చేపల వెన్నుపూసలు. ఆ పూసలు చేతికి దొరకవు. మేం మొదట పెద్ద కన్నుల జల్లెడ వాడితే పశువుల ఎముకలే వచ్చాయి, ఇక్కడివాళ్ళు చేపలు తినేవారు కాదేమో అనుకున్నాం. సన్న జల్లెడకి మారాక పూసలే కాదు, జెల్లల తలలో ఉండే చిన్న రాళ్ళూ వచ్చాయి. చెట్టు మానులో లాగే వాటిలో వలయాలుంటాయి. వాటిని బట్టి చేప వయసు, ఒక్కోసారి ఏ కాలంలో పట్టారో కూడా తెలుస్తుంది.

ఎముకల మీద గాట్లు చూడండి. కత్తి గాటు సన్నగా, తిన్నగా, ఎక్కువగా కీళ్ళ దగ్గర ఉంటుంది. కుక్క నమిలితే చివర్లు గుంటలు పడతాయి. ఎలుక కొరికితే జంట గీతలు. మొన అరిగి నున్నగా మెరుస్తుంటే అది పనిముట్టు కావచ్చు. చిలికాకి దగ్గర్లోని గోల్‌బాయి శాసన్ అనే పాతకాలపు ఊరి తవ్వకంలో ఎముక పనిముట్లు దొరికాయి. పైపైన దొరికిన తాబేలు ఎముకల్ని మాత్రం లెక్కలోకి తీసుకోకండి. ఋషికుల్య నది ముఖద్వారానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, చచ్చినవి ఇప్పటికీ ఒడ్డుకి కొట్టుకొస్తుంటాయి.

దయచేసి ఏదీ కడగకండి, ఇంక తవ్వకండి. తహసీల్దారుకి చెప్పండి. పెంకులు గుల్లల పైన ఉన్నాయా, కింద ఉన్నాయా, వాటి మధ్యలోనా? తవ్విన గుంట గోడ కనిపించేలా ఒక ఫొటో తీసి పెడితే మిగతాది చూసి చెబుతాను.