గల్ఫ్ ప్రయాణం: మీ సందేహాలకు జవాబులు

ప్రశ్న: మా తమ్ముడు పదో తరగతి ఫెయిలయ్యాడు. దుబాయ్‌లో క్లీనింగ్ పని, నెలకు 1,200 దిర్హామ్‌లు అంటూ ఏజెంటు 90,000 రూపాయలు అడుగుతున్నాడు. ముందు విజిట్ వీసా మీద వెళ్తే, తర్వాత కంపెనీ వీసాకు మార్పిస్తాడట. పంపమంటారా?
- ఒక సోదరి, జగిత్యాల జిల్లా

జవాబు: పంపకండి. విజిట్ వీసా మీద పని చేయడం యూఏఈలో చట్టవిరుద్ధం. జీతం ఎగ్గొడితే ఫిర్యాదు చేయడానికి చేతిలో కాంట్రాక్టు ఉండదు. గడువు దాటిందా, ఇక ఖల్లివెల్లి (కాగితాలు లేకుండా దాక్కుని ఉండే) బతుకే.

పది పాసవని వాళ్లకు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమైన) పాస్‌పోర్టు ఇస్తారు. దాని మీద గల్ఫ్‌కు పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి వెళ్లడానికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. ఏజెంటు విజిట్ వీసా అంటున్నది దాన్ని తప్పించుకోవడానికే. క్లియరెన్స్‌కు ప్రవాసీ భారతీయ బీమా కట్టాలి. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తాయి. విజిట్ వీసా దారిలో ఈ అండ కూడా పోతుంది, ఇంటికి అదే పెద్ద దెబ్బ.

ఏజెంటును లైసెన్సు నంబరు అడిగి, ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో పేరు, గడువు సరిచూడండి. ఊళ్లు తిరిగే సబ్ ఏజెంట్లకు లైసెన్సు ఉండదు. లైసెన్సు ఉన్నవాళ్లు కూడా సర్వీసు చార్జీ కింద 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఇచ్చేది బ్యాంకు ద్వారానే ఇచ్చి రసీదు తీసుకోండి. ఆఫర్ లెటర్‌లో బేసిక్ ఎంతో, అలవెన్సులు ఎంతో విడిగా చూడండి. చాలా కంపెనీలు బేసిక్‌ను తగ్గించి రాస్తాయి. పని మానేటప్పుడు చివర్లో ఇచ్చే గ్రాట్యుటీ లెక్కగట్టేది ఆ బేసిక్ మీదే.

ప్రశ్న: ఖతర్‌లో మూడేళ్లుగా పనిచేస్తున్నాను. కంపెనీ మారతానంటే కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం ఇవ్వనంటున్నాడు.
- దోహా నుంచి ఒక పాఠకుడు

జవాబు: 2020 నుంచి అక్కడ ఎన్‌వోసీ అక్కర్లేదు. కార్మిక శాఖకు ఆన్‌లైన్‌లో నోటీసు పెట్టాలి. సర్వీసు రెండేళ్లు దాటింది కాబట్టి మీకు రెండు నెలల నోటీసు. ఆ రెండు నెలలూ డ్యూటీ మానకండి, మానితే పారిపోయాడని కేసు పెట్టే అవకాశం ఇచ్చినట్టే. మార్పుకు ఆమోదం వచ్చి, కొత్త కాంట్రాక్టు మీద సంతకాలు అయ్యాకే కొత్త చోట చేరండి. నోటీసు ప్రతి, శాఖ నుంచి వచ్చిన మెసేజీలు ఫోన్‌లో దాచుకోండి. చట్టం మారినా కొన్ని కంపెనీలు ఇంకా పాత కఫీల్ కాగితం అడుగుతున్నాయి, అక్కడే మనవాళ్లు ఆగిపోతున్నారు. కొత్త జీతం కనీసం 1,000 రియాళ్లు ఉండాలి. బస, భోజనం కంపెనీ పెట్టకపోతే అదనంగా 500, 300 ఇవ్వాలి.

ప్రశ్న: షార్జాలో ఏడేళ్లు చేశాను, బేసిక్ 900 దిర్హామ్‌లు. గ్రాట్యుటీ ఎంత రావాలి?

జవాబు: బేసిక్‌ను 30తో భాగిస్తే రోజుకు 30. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల చొప్పున 3,150, ఆపై రెండేళ్లకు ఏడాదికి 30 రోజుల చొప్పున 1,800. మొత్తం 4,950 దిర్హామ్‌లు. కాంట్రాక్టు ముగిసిన 14 రోజుల్లోగా చెల్లించాలి. డబ్బు ఖాతాలో పడేదాకా సెటిల్‌మెంటు కాగితం మీద సంతకం పెట్టకండి.