ఆ ఏడాది రూల్స్‌తో ఆడించు

తమ్ముడూ,

నీ స్క్రిప్టు చదివాను. తొంభైల నాటి బ్యాడ్మింటన్ ఆటగాడి జీవితాన్ని తెర మీదికి తేవాలన్న నీ పట్టుదల నాకు నచ్చింది. అందుకే ఫైనల్ మ్యాచ్ దగ్గర ఆగిపోయాను. స్కోరు 20-20 అని రాశావు. అప్పట్లో పురుషుల గేమ్ 15 పాయింట్లకే. 21 పాయింట్ల పద్ధతి 2006లో వచ్చింది. 2001 ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో పుల్లెల గోపీచంద్ చెన్ హాంగ్‌ను ఓడించింది 15-12, 15-6తో.

అంకె దిద్దితే సరిపోదు. ఆ రోజుల్లో సర్వీస్ చేసేవాడికే పాయింటు. ఎదుటివాడు ర్యాలీ గెలిస్తే సర్వీస్ అతని చేతికి వెళ్తుంది, స్కోరు మాత్రం అలాగే ఉంటుంది. అంటే నీ హీరో ఒళ్లు హూనమయ్యేలా ఆడినా బోర్డు కదలకపోవచ్చు. మ్యాచ్ పాయింట్ మీద ఉన్నవాడు సర్వీస్ పోగొట్టుకుంటే, ముందు దాన్ని తిరిగి గెలుచుకోవాలి, ఆ తర్వాతే పాయింటు. ఎంత టెన్షన్ అది! ఇవాళ్టి రూల్ పెట్టి దాన్ని చేజేతులా వదిలేశావు.

ఏ ఆటకైనా ఇలాగే చూసుకోవాలి. 1983 క్రికెట్ వరల్డ్ కప్ అంటే 60 ఓవర్లు, తెల్ల బట్టలు, ఎర్ర బంతి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మిల్ఖా సింగ్ పరుగెత్తింది సిండర్ ట్రాక్ మీద, అంటే కాలిన బొగ్గు పొడి పరిచిన ట్రాక్ మీద. ఒలింపిక్స్‌కి సింథటిక్ ట్రాక్ 1968లో గానీ రాలేదు.

ఇంతకంటే నన్ను కలవరపెట్టింది లంచం తీసుకునే నీ సెలెక్టర్ పాత్ర. రెజ్లర్ గీతా ఫోగట్ 2010 కామన్వెల్త్ ఫైనల్‌ను 1-0, 7-0తో తేలిగ్గా గెలిచింది. ఆమె కథతో తీసిన ‘దంగల్’ సినిమాలో దాన్ని ఆఖరి సెకన్ల దాకా లాగారు. ఉత్కంఠ కోసం అంత మార్పు నేను ఒప్పుకుంటాను. కానీ ఆ సినిమాలో ఫైనల్ వేళ ఆమె తండ్రిని గదిలో పెట్టి తాళం వేయించిన కోచ్ కూడా కల్పనే. పేరు మార్చినా, ఆ ఏడాది జట్టుకు కోచ్ ఎవరో ఆట తెలిసినవాళ్లకు తెలుసు. ఆయనకూ కుటుంబం ఉంటుంది, శిష్యులుంటారు.

నీ సెలెక్టర్ లంచం తీసుకున్నాడని ఎవరు చెప్పారు? పేపర్లో వచ్చిందా, ఆటగాడు చెప్పాడా, నువ్వే ఊహించావా? ఊహే అయితే ఆ సీన్ తీసేయ్.

ఆ కాలపు పేపర్లలో స్పోర్ట్స్ పేజీలు తిరగెయ్. అప్పటి అంపైర్లు ఎవరైనా దొరికితే వెళ్లి కలువు. సర్వీస్ మారినప్పుడు స్కోరు ఎలా చెప్పేవారో వాళ్ల నోటే విను. తర్వాత ఫైనల్లో ఏ ర్యాలీకి సర్వీస్ ఎవరిదో వరసగా కాగితం మీద వేసుకుని నాకు పంపు. డైలాగులు ఆ తర్వాత చూద్దాం.

ప్రేమతో,
అన్నయ్య