మీ ఉత్తరాలకు జవాబులు: తరవాణి కుండ, కోటా బియ్యం, టెంక పిండి

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒడిశా వైపు నుంచే వచ్చాయి. నేను పర్లాకిమిడిలో పుట్టాను, బరంపురంలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను, కాబట్టి ఆ ఊళ్ల పేర్లు చూడగానే మనసు ఆగలేదు, పేజీ మొత్తం వాళ్లకే ఇచ్చేశాను. అందరూ అడిగింది దాదాపు ఒకటే, "ఇది తినొచ్చా?" అని. నాకు మాత్రం ప్రతి ఉత్తరం చదువుతున్నప్పుడూ తిరిగి అడగాలనిపించింది: దాన్ని ఎలా ఉంచారు, ఎంతసేపు ఉంచారు?

ప్రశ్న: మా పుట్టిల్లు పార్వతీపురం, నన్ను గుణుపురం ఇచ్చారు. మా అత్తగారికి 61 ఏళ్లు, షుగర్ మాత్రలు వేసుకుంటారు. ఎండాకాలం మూడు నెలలూ పొద్దున, మధ్యాహ్నం పఖాళే, అంటే నీళ్లలో పులిసిన చద్దన్నమే తింటారు. మా నాలుగేళ్ల బాబుకీ అదే పెడతారు. రాత్రంతా నీళ్లలో వదిలేసిన అన్నం పిల్లలకు మంచిదేనా? ఆవిడ షుగర్ సంగతేంటి? నేను వద్దంటే ఇంట్లో గొడవవుతోంది.
(ఒక కోడలు, గుణుపురం)

జవాబు: గొడవ పడకమ్మా. మీ అత్తగారు తింటున్నది మీ అమ్మమ్మ కూడా తినే ఉంటుంది. ఆ పులిసిన నీళ్లని మనం తరవాణి అంటాం, ఒడియావాళ్లు తొరాణి అంటారు, వింటుంటేనే తెలుస్తుంది రెండు వంటిళ్లూ ఎంత దగ్గరో.

నీ భయంలో నిజం లేకపోలేదు, అది ఎక్కడుందో చెబుతాను. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే ఒక బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. వండిన అన్నం గిన్నెలో గోరువెచ్చగా మూతపెట్టి గంటల తరబడి ఉండిపోతే అవి మొలకెత్తి పెరుగుతాయి, పెరుగుతూ ఒక విషాన్ని విడుస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు, తిన్న ఒక గంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలవుతాయి. ఒకసారి మా ఊరి దగ్గర ఒక పెళ్లిలో మధ్యాహ్నం మిగిలిన అన్నాన్ని గంగాళంలోనే మూతపెట్టి ఉంచి, రాత్రి పోపు వేసి పులిహోర చేసి పెట్టారు, ఆ రాత్రంతా నేను పిల్లల పక్కన కూర్చుని ఓఆర్ఎస్ తాగించాను. ఆ పూట నుంచి నాకు మూత వేసి ఉన్న వేడి అన్నం గిన్నె కనిపిస్తే చెయ్యి ఊరుకోదు, తీసి పళ్లెంలో పరిచేస్తాను.

ఇప్పుడు పఖాళ సంగతి. అన్నం పులిసేటప్పుడు మేలు చేసే బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది, పెరుగులో జరిగేదీ అదే. ఆ పులుపు బాగా ఎక్కిన నీళ్లలో నేను పైన చెప్పిన బ్యాక్టీరియా పెరగలేదు. అంటే ప్రమాదం అన్నం ఉడికిన దగ్గర్నుంచి పులుపెక్కే వరకు ఉన్న ఆ మధ్య సమయంలోనే ఉంది. మన పెద్దవాళ్లు తరవాణి కుండలో అడుగున కాస్త పాత పులుపు ఉంచి దానిమీదే కొత్త అన్నం, నీళ్లు వేసేవారు చూడు, ఆ మధ్య సమయాన్ని తగ్గించడానికి అంతకంటే మంచి ఉపాయం లేదు. కాబట్టి అత్తగారిని వద్దనకు, ఆవిడ పక్కన నిలబడి ఇలా చెయ్యి. రాత్రి అన్నం వార్చగానే వెడల్పు పళ్లెంలో పరిచి ఆరబెట్టు, కాచి చల్లార్చిన నీళ్లు అన్నం మునిగేలా పొయ్యి, నిన్నటి మంచి తొరాణి రెండు గరిటెలు కలిపి, శుభ్రమైన గుడ్డ కట్టి నీడలో పెట్టు. పొద్దున పెరుగులాంటి పుల్లటి వాసన వస్తే బాగున్నట్టు. జిగురుగా తీగలు సాగినా, కుళ్లు వాసన వచ్చినా, గులాబీ రంగు మచ్చలు కనిపించినా మొత్తం పారబోసి కుండ వేడినీళ్లతో కడిగి ఎండలో పెట్టు, ఆ తొరాణిని మళ్లీ వాడొద్దు. మధ్యాహ్నం భోజనం దాటనివ్వొద్దు.

బాబుకి పెట్టొచ్చు. ఇంకా భయంగా ఉంటే సజ పఖాళ, అంటే అప్పటికప్పుడు వండి చల్లార్చి నీళ్లు పోసిన అన్నం, పెరుగు కలిపి పెట్టు. అది కూడా వెంటనే తినాలి సుమా, దానికి పులుపు కాపలా ఉండదు.

అత్తగారి షుగర్‌కి వస్తే, వండి చల్లార్చిన అన్నంలో పిండిపదార్థం కొంత త్వరగా అరగని రూపంలోకి మారుతుందన్నది నిజమే, కానీ అది కొద్దిపాటి తేడా, దాన్ని నమ్ముకుని పెద్ద కంచుగిన్నె నిండా తినడానికి కుదరదు. అసలు చిక్కు పక్కన పెట్టుకునేదాంతో వస్తుంది. పఖాళలోకి ఆలూ చకటా తింటారు, అంటే అన్నం మీద బంగాళాదుంప, పిండి మీద పిండి. గిన్నెలో అన్నం సగానికి తగ్గించి తొరాణి ఎక్కువ పొయ్యి, దుంప బదులు మునగాకు వేపుడు, బడి చూరా (వేపి నలిపిన వడియాలు), చిన్నచేపలు, లేదంటే ఒక గుడ్డు పెట్టు. తిన్న రెండు గంటలకు ఒకరోజు మామూలుగా, ఒకరోజు ఇలా మార్చి షుగర్ చూపించు. ఆవిడకి నీ మాటకంటే ఆ రెండు అంకెలే నచ్చుతాయి. మాత్రలు మాత్రం ఆవిడంతట ఆవిడ తగ్గించుకోకుండా చూసుకో.

ప్రశ్న: మా కోటా బియ్యంలో కొన్ని గింజలు తెల్లగా, వేరేగా ఉంటున్నాయి. నీళ్లలో వేస్తే తేలుతున్నాయి. ప్లాస్టిక్ బియ్యం అని వాట్సాప్‌లో వీడియో కూడా వచ్చింది. మా ఆవిడ కూర్చుని అన్నీ ఏరి పారేస్తోంది.
(ఆటో డ్రైవర్, జయపురం)

జవాబు: దయచేసి ఈ రోజు నుంచే ఏరడం ఆపించండి. మీ ఆవిడ పారేస్తున్నది ప్లాస్టిక్ కాదు, మీ ఇంటికి వచ్చిన ఐరన్. 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించినప్పటి నుంచి దశలవారీగా రేషన్, అంగన్‌వాడీ, బడి భోజనం బియ్యంలో బలవర్ధక గింజలు కలుపుతూ వచ్చారు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి మళ్లీ గింజల ఆకారంలో తీస్తారు, అలాంటి గింజ ఒకటి మామూలు గింజలు వందకి కలుస్తుంది. మరలో తయారైనది కాబట్టి రంగు, బరువు కాస్త తేడాగా ఉంటాయి, కొన్ని తేలతాయి. నిజంగా ప్లాస్టిక్ అయితే అన్నంతోపాటు ఉడకదు. ఉడికాక వేళ్ల మధ్య నలిపి చూడండి, పిండిలా మెదిగిపోతుంది.

లెక్క కూడా చెబుతాను. నిబంధన ప్రకారం ఆ బియ్యంలో కిలోకి 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఐరన్ ఉండాలి. రోజుకి 300 గ్రాముల బియ్యం తినే మనిషికి సుమారు 8 నుంచి 13 మిల్లీగ్రాములు వస్తుంది. నెలసరి వచ్చే వయసు స్త్రీకి రోజుకి 29 మిల్లీగ్రాములు కావాలి, అంటే సుమారు మూడో వంతు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువే ఆ గింజల్లో ఉంది. బియ్యం ఐదారుసార్లు రుద్ది కడగకండి, రెండుసార్లు చాలు, గంజి వారిస్తే దాన్ని పప్పులోనో చారులోనో పోసుకోండి. అన్నం తినగానే టీ తాగే అలవాటుంటే గంట ఆగండి, టీలోని టానిన్లు ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. నిమ్మకాయ పిండుకుంటే మాత్రం బాగా పడుతుంది.

మీ ప్రాంతంలో సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు) ఉన్న కుటుంబాలు ఎక్కువ కాబట్టి ఒక్క జాగ్రత్త. ఇంట్లో ఎవరికైనా సికిల్ సెల్ గానీ తలసీమియా గానీ ఉంటే ఐరన్ మాత్రలు గానీ ఈ బియ్యం గానీ ఎంతవరకు అన్నది డాక్టర్ని అడిగే తినండి. రక్తం తక్కువగా ఉందనగానే ఐరన్ మింగేయడం వాళ్లకు పనికిరాదు, ముందు పరీక్ష చేయించాలి. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద ఆ పరీక్షలు చేస్తున్నారు.

ప్రశ్న: ఇక్కడ అన్నిటికీ ఆవనూనే వాడతారు. మాకు అలవాటు లేదు. విడిగా అమ్మే నూనె తక్కువ ధరకి దొరుకుతోంది, కొనొచ్చా?
(బ్యాంకు ఉద్యోగి భార్య, రాయగడ)

జవాబు: ఆవనూనె మంచిదే, విడి నూనె వద్దు. పసుపు పువ్వులు, ముళ్ల ఆకులు ఉండే బలురక్కసి మొక్క తెలుసు కదా, దాని గింజలు అచ్చం ఆవాల్లా నల్లగా చిన్నగా ఉంటాయి. ఆ నూనె ఆవనూనెలో కలిస్తే కాళ్లు వాస్తాయి, ఆయాసం వస్తుంది, గుండె దెబ్బతింటుంది. 1998లో ఢిల్లీలో అలా కల్తీ అయిన నూనెతో వేలమంది జబ్బుపడ్డారు, అరవైమంది దాకా చనిపోయారు. 2021 జూన్ నుంచి ఆవనూనెలో వేరే వంటనూనె ఏదీ కలిపి అమ్మకూడదని నిబంధన ఉంది. సీలు, లైసెన్సు నంబరు ఉన్న ప్యాకెట్టే కొనండి. గానుగలో ఆడించుకుంటే ఆవాలు మీరే తీసుకెళ్లి, మీ కళ్ల ముందే ఆడించుకోండి.

ప్రశ్న: నాకు బీపీ. కూరలో ఉప్పు తగ్గించేశాను, అయినా తగ్గట్లేదు.
(రిటైర్డ్ గుమాస్తా, బరంపురం)

జవాబు: వాటికే పేరుపడ్డ బరంపురంలో ఉంటూ అప్పడం, ఊరగాయ గురించి ఒక్క ముక్క రాయలేదేంటండీ? రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, ఒక టీస్పూను. కూరలో తగ్గించింది అప్పడంలో, ఆవకాయలో, ఎండుచేపలో తిరిగి వచ్చేస్తుంది. ఎండుచేపని గంటసేపు వేడినీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండించుకోండి, అప్పడం వారానికి ఒకటి. మందు మానకండి.

ప్రశ్న: కాశీపూర్ వైపు ఒక బడిలో పనిచేస్తున్నాను, మాది సాలూరు. ఇక్కడి పిల్లల ఇళ్లలో వానాకాలం మామిడి టెంక అంబలి తాగుతారు. అది విషమని, తాగొద్దని చెప్పమని మాకు అంటున్నారు. చెబితే ఒక తల్లి "మరేం తాగమంటారు సార్" అంది. నాకు మాట రాలేదు. టెంక నిజంగా విషమా?
(ఉపాధ్యాయుడు, రాయగడ జిల్లా)

జవాబు: మాస్టారూ, ఈ ఉత్తరం నేను చాలాసార్లు చదివాను. ముందు ఆ తల్లికి చెప్పాల్సిన మాట: టెంక విషం కాదు. లోపలి జీడిలో పిండిపదార్థం, కొంత కొవ్వు ఉంటాయి, చేదూ వగరూ టానిన్ల వల్ల. తరతరాలుగా వాళ్లు దాన్ని ఎండబెట్టి, దంచి, పారే నీళ్లలో నానబెట్టి చేదు పోగొట్టి, ఆ తర్వాతే అంబలి కాస్తున్నారు. ఇది తెలివైన వంట. మన సాలూరు ఏజెన్సీలో కూడా ఉంది, మీకు తెలియంది కాదు.

టెంకతో చావులు వచ్చింది దాన్ని నిలవ ఉంచిన తీరులో. 2001లో కాశీపూర్ బ్లాకులో టెంక అంబలి తాగి చాలామంది చనిపోయారని దేశమంతా మాట్లాడుకుంది, అవి ఆకలి చావులా విషాహారమా అని పెద్ద వాదన జరిగింది. 2024 నవంబరులో కంధమాల్ జిల్లా దరింగబాడి వైపు మళ్లీ అదే అంబలి, మళ్లీ ప్రాణాలు పోయాయి. నా మటుకు నాకు ఆ వాదనలో రెండూ నిజమే అనిపిస్తుంది: ఇంట్లో ఇంకేదైనా ఉంటే బూజు పట్టిన పిండిని ఏ తల్లీ కాచదు. జరిగేదేమిటంటే, మే, జూన్‌లో ఏరిన టెంకలు సరిగ్గా ఎండకముందే వాన మొదలవుతుంది, తడి మిగిలిన జీడి బుట్టలోనో సంచిలోనో చెమ్మ పీల్చుకుని బూజు పడుతుంది. కొన్ని రకాల బూజులు విషాలు తయారుచేస్తాయి, వేరుశనగలో, మొక్కజొన్నలో కాలేయాన్ని దెబ్బతీసే అఫ్లాటాక్సిన్ అలాంటిదే. మరిగే నీళ్ల వేడికి ఆ విషాలు పోవు. బూజు తుడిచేసినా, పైభాగం గీకేసినా లోపల ఉండిపోతాయి. ఎంత కాచినా లాభం లేదన్నది వాళ్లకు గట్టిగా చెప్పాల్సిన మాట, ఎందుకంటే "బాగా మరిగించాం కదా" అన్న ధీమాతోనే తాగుతారు.

కాబట్టి తాగొద్దని చెప్పకండి, ఇలా చెప్పండి. టెంకలు వాన రాకముందే పగలగొట్టి జీడి తీసి, ముక్కలు చేసి, విరిస్తే టక్కున విరిగేదాకా ఎండబెట్టాలి. పొయ్యి పైన అటక మీద పొగ తగిలేలా దాచాలి, నేలమీద, తడిగోడ పక్కన, ప్లాస్టిక్ సంచిలో వద్దు. వాసన మారినా, ఆకుపచ్చగానో నల్లగానో మచ్చ కనిపించినా ఆ సంచిలోదంతా పూడ్చెయ్యాలి, కోళ్లకు కూడా వెయ్యకూడదు. దంచిన పిండి కొద్దికొద్దిగా చేసుకోవాలి, నెలలు నిలవ పెట్టకూడదు. కాచిన అంబలి ఏ పూటది ఆ పూటే.

"మరేం తాగమంటారు" అన్నదానికి జవాబు ఆ కొండల్లోనే ఉంది, చోళ్లు, అంటే రాగులు. వాళ్ల మాండియా. 100 గ్రాముల చోళ్లలో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, బియ్యంలో పదిలోపే. పైగా చోళ్లు పురుగు పట్టకుండా ఏళ్ల తరబడి నిలవుంటాయి, చెమ్మ కాలానికి అంతకంటే నమ్మకమైన గింజ లేదు. ఆనపకాయ బుర్రలో చోడి అంబలి పోసుకుని పొలానికి వెళ్లేవాళ్లను మీరు రోజూ చూస్తూనే ఉంటారు. 2017లో ఒడిశా మిల్లెట్ మిషన్ పేరుతో మొదలైన పథకం కింద సర్కారు చోళ్లు కొంటోంది కూడా. డబ్బు అవసరంతో పండించిందంతా అమ్మేసి వానాకాలానికి ఇంట్లో ఏమీ ఉంచుకోని ఇళ్లుంటాయి, రెండు కుంచాలు పక్కన పెట్టుకోమని కోతలప్పుడే గుర్తుచేయండి, శ్రావణంలో చెబితే లాభం లేదు. రేషన్ కార్డు లేని ఇళ్లు, వేలిముద్ర పడక బియ్యం ఆగిపోయిన ఇళ్లు మీ బడి హాజరుపట్టీలోనే తెలుస్తాయి, ఆ పేర్లు రాసి పంచాయతీకి మీరే ఇవ్వండి. మీ సంతకానికి అక్కడ విలువ ఉంటుంది.

అంబలి తాగిన పిల్లాడికి వాంతులు, కడుపునొప్పి, తల తిరగడం, కళ్లు పచ్చబడటం ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. మెలకువగా ఉండి మింగగలిగితే ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండండి, అదే కుండలోంచి తాగిన మిగతావాళ్లందర్నీ కూడా వెంట తీసుకెళ్లండి. మిగిలిన పిండి గుప్పెడు కవర్లో కట్టి డాక్టరు చేతికివ్వండి.