అమ్మ పోయాక అన్నయ్య దూరమయ్యాడు

ప్రశ్న: అమ్మ ఉన్నన్నాళ్ళూ పండగలకు అందరం కలిసేవాళ్ళం. ఆవిడ పోయి రెండేళ్ళయింది. అన్నయ్యకూ నాకూ గొడవలేం లేవు, వదినా మంచిదే. అయినా ఫోన్లు తగ్గి, రాకపోకలు ఆగిపోయాయి. మళ్ళీ ఎలా కలుపుకోవాలి?
– ఒక చెల్లెలు, తణుకు

జవాబు: "దానికి జ్వరమటరా, ఓసారి ఫోన్ చెయ్యి" అని మీ అన్నయ్యకు ఇన్నాళ్ళూ చెప్పింది అమ్మే. అక్కడి కబుర్లు మీకు చేరిందీ ఆవిడ నోటే. ఆ చేరవేత ఆగిపోయింది, అంతే. ఆ పని ఇక మీరు తీసుకోండమ్మా.

మొదలుపెట్టడానికి భగినీ హస్త భోజనం మంచి రోజు. కార్తీక శుద్ధ విదియ, అంటే దీపావళి అమావాస్య వెళ్ళిన రెండో రోజు, అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ చేతి వంట తింటారు. పది రోజుల ముందే అన్నయ్యను పిలవండి. వదినకు విడిగా ఫోన్ చేయండి. "అన్నయ్యతో చెప్పాగా" అంటే ఆమెకు అది పిలుపు కాదు. ఇంటి వాటా, అమ్మ నగల మాట ఆ పూట ఎత్తకండి. తేల్చుకోవాల్సింది ఉంటే కాగితాలు ముందు పెట్టుకుని మరో రోజు కూర్చోండి. మొదటిసారి ఆయన రాకపోవచ్చు. "వాడికి అక్కర్లేదు" అని అక్కడే తీర్మానించేసుకోవడం వల్లే చాలా ఇళ్ళల్లో దారి మూసుకుపోతోంది. ఆ సాయంత్రమే క్యారేజీ కట్టి మీరే వెళ్ళండి.

మాట తక్కువైన మనుషులకు చేతిలో పని ఉంటే మాట దొర్లుతుంది. వేసవిలో పాతిక కాయలు తెచ్చి ఆవకాయ పట్టండి. ఆయన కత్తిపీట దగ్గర కూర్చుని టెంకతో సహా ముక్కలు కొడతారు. మీరు జీడి తీసి, టెంక లోపలి పొర గీకి, పొడిగుడ్డతో తుడుస్తారు. అమ్మ ఆవపిండి ఎంత వేసేదన్న దగ్గర పేచీ వస్తుంది, రానివ్వండి. చెరో జాడీ తీసుకోండి. మూడో రోజు తిరగ కలిపేటప్పుడు "నీకు ఉప్పు సరిపోయిందా?" అని అడగడానికి ఫోన్ తీస్తారు.

ఆపైన వారానికి పది నిమిషాలు, ఒకే రోజు, ఒకే వేళ. "తిన్నారా?" అంటే "ఆ, తిన్నాం" తో అయిపోతుంది. "మోకాలి స్కాన్ రిపోర్టు వచ్చిందా?" అంటే కబురు నడుస్తుంది. అందుకే ఆయన చెప్పిన తేదీలు క్యాలెండర్ మీద రాసుకోండి.

ప్రశ్న: మా పదో తరగతి దోస్తులం పాతికేళ్ళకు కలిశాం. అరవై మందితో గ్రూపు పెట్టాం. ఆరు నెలలకే గుడ్ మార్నింగ్ బొమ్మలు మిగిలాయి. ఎందుకిలా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అరవై మందికి ఒక్క రోజు పంచితే మనిషికి నిమిషాలే దక్కుతాయి. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పరిచయస్తులు మామూలు స్నేహితులు కావడానికి సుమారు 50 గంటలు, ఆప్తులు కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలి. మీకు చిన్ననాటి గంటలు ఎలాగూ ఉన్నాయి, కొత్తవి చేర్చాలి.

గ్రూపును అలాగే ఉండనిచ్చి నలుగురైదుగురిని ఎంచుకోండి. మూడు నెలలకోసారి సగం రోజు కలవండి. లేచే ముందే తర్వాతి తేదీ ఖాయం చేసుకోండి, లేకపోతే "చూద్దాం" దగ్గరే ఆగుతుంది. దసరా నాడు జమ్మి ఆకు తీసుకుని వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి అలాయ్ బలాయ్ తీసుకోండి. చేబదులు ఇస్తే తిరిగి రాకపోయినా మనసు కష్టపడనంతే ఇవ్వండి.

ప్రశ్న: డాలస్‌లోని నాలుగేళ్ళ మనవరాలు వీడియో కాల్‌లో రెండు నిమిషాలు కూడా నిలవదు.
– ఒక అమ్మమ్మ, గుంటూరు

జవాబు: ఆ వయసు పిల్లలకు కబుర్లు పట్టవు, ఆట పడుతుంది. ప్రశ్నలు మానేసి ప్రతి ఆదివారం ఒకే పని చేయండి: చేగోడీలు చుట్టి చూపండి, అక్కడ ఆమె చేతికి చపాతీ పిండి ముద్ద ఇమ్మనండి. పది నిమిషాలు చాలు. వాళ్ళ ఉదయం 8 గంటలు వేసవిలో మీకు సాయంత్రం 6:30. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక 7:30. మార్చి రెండో ఆదివారం నుంచి మళ్ళీ 6:30. చాలామంది కాల్స్ తప్పిపోయేది సరిగ్గా ఆ రెండు వారాల్లోనే.