థాయ్‌లాండ్ వీధి తిండి మనవాళ్లకు పడుతుందా?

"అమ్మానాన్నలతో బ్యాంకాక్ వెళ్తున్నాం. అక్కడ వీధుల్లో, మార్కెట్లలో దొరికేవి మనం తినగలమా, లేక ఇండియన్ రెస్టారెంట్లు వెతుక్కోవాలా?" అని అడిగారు కదా.

నిక్షేపంగా తినగలరు. నన్నడిగితే మన దేశం దాటాక మన నాలుకకు ఇంత దగ్గరగా వచ్చే వంట ఇంకోటి లేదు. పచ్చిమిర్చి, చింతపండు, కొబ్బరిపాలు, ఎండు రొయ్యలు, రోలు, రోకలి అన్నీ వాళ్లకీ ఉన్నాయి. అయినా మనవాళ్లు "అక్కడ తిండికి చాలా ఇబ్బందండీ" అంటూ తిరిగొస్తున్నారంటే తప్పు ప్యాకేజీ టూర్లదే.

మేమూ అమ్మని తీసుకుని అలాంటి ప్యాకేజీలోనే వెళ్లాం. పొద్దున హోటల్లో బ్రెడ్డు, మధ్యాహ్నం ఇండియన్ బఫే, రాత్రికి మళ్లీ ఇండియన్ బఫే. పోనీ అందులో చారో పచ్చడో ఉంటుందా అంటే అదీ లేదు. పనీర్ బటర్ మసాలా, సాగిపోయే నాన్, చల్లారిన జీరా రైస్. విమానం ఎక్కి వెళ్లి పనీర్ తినడమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అమ్మ అయితే పెరుగన్నంతో సరిపెట్టుకుంటోంది. ఇక లాభం లేదని ఒక మధ్యాహ్నం బస్సు ఎక్కకుండా ఆవిణ్ణి హోటల్ వెనక సందులోకి నడిపించుకెళ్లాను.

అక్కడ చెట్టు కింద ఒక తోపుడుబండి, రెండు రేకు బల్లలు, నాలుగు ప్లాస్టిక్ స్టూళ్లు. బండి మీద లోతైన మట్టి రోలు, చెక్క రోకలి. ఈశాన్య థాయ్‌లాండ్‌ని ఈసాన్ అంటారు. అక్కడి నుంచి బతుకుదెరువుకి వచ్చినవాళ్లు బ్యాంకాక్ నిండా ఇలాంటి బండ్లు పెట్టుకున్నారు. వీళ్ల దగ్గర దొరికే అసలు సరుకు సోమ్ తామ్, పచ్చి బొప్పాయితో చేస్తారు. బండి ఆవిడ చెక్కు తీసిన కాయని ఎడమచేతిలో పట్టుకుని, కత్తితో నిలువునా టకటకా గాట్లు పెట్టి, పైపైన చెక్కుతుంటే సన్నటి పోగులు రాలుతున్నాయి. రోట్లో వెల్లుల్లి వేసి, మిరపకాయలు ఎన్ని కావాలని వేళ్లు చూపించి అడిగింది. అమ్మ నాలుగు వేళ్లు చూపించింది. ఆవిడ నమ్మలేక మళ్లీ అడిగింది. అమ్మ మళ్లీ నాలుగే చూపించింది.

తర్వాత బెల్లం ముద్ద, పొడుగు చిక్కుడుకాయ ముక్కలు, చిన్న టమాటాలు, గుప్పెడు ఎండు రొయ్యలు పడ్డాయి. "ఒరేయ్, అవి మన ఎండు రొయ్యలే కదరా!" అంది అమ్మ. మాది బాపట్ల వైపు లెండి, ఆ వాసన తెలియకుండా ఎలా ఉంటుంది. పైన నిమ్మరసం, చేపల సాస్. బొప్పాయి ఆఖర్న వేస్తారు. అది వేశాక గట్టిగా దంచరు. కుడిచేత్తో రోకలి పోటు వేస్తూ, ఎడమచేత్తో గరిటె పెట్టి అడుగు నుంచి తిప్పుతారు. బొప్పాయి నలిగీ నలగనట్టు ఉండాలి, కరకర పోకూడదు. ఆవిడ గరిటె అంచున కాస్త తీసి రుచి చూడమని అమ్మకి ఇచ్చింది. అమ్మ చప్పరించి, నిమ్మచెక్క వైపు వేలు చూపించింది. ఆవిడ నవ్వేసి ఇంకో చెక్క పిండి మళ్లీ నాలుగు పోట్లు వేసింది. ఒకరి భాష ఒకరికి ముక్క రాదు, అయినా వంట మాత్రం ఇద్దరూ కలిసే చేశారు.

దాంతో పాటు బొగ్గుల మీద కాల్చిన కోడి, చిన్న కవర్లో జిగురన్నం. మామూలుగా థాయ్‌లాండ్‌లో అన్నం చెంచాతో తింటారు, ఫోర్కు చెంచాలోకి తోసుకోడానికే. ఈసాన్ జిగురన్నం మాత్రం చేత్తో చిన్న ఉండ చేసి, సోమ్ తామ్ పులుసులో అద్దుకుని తినాలి. పక్క బల్ల వాళ్లని చూడగానే అమ్మ చెంచా పక్కన పెట్టేసింది. వచ్చాక మొదటిసారి కడుపునిండా తింది. మా ఇద్దరికీ కలిపి 200 బాత్‌లు కూడా కాలేదు. అందుకే చెబుతున్నా, ప్యాకేజీ మాట్లాడుకునేటప్పుడే భోజనాలు వద్దని చెప్పి ఆ డబ్బు తగ్గించమనండి.

కడుపు పాడవుతుందేమోనని టెన్షన్ వద్దు. ఆఫీసుల లంచ్ టైములో అక్కడివాళ్లు నిలబడి తినే బండి చూసుకోండి. పొయ్యి మీద నుంచి నేరుగా పళ్లెంలోకి వచ్చేది, గంటల తరబడి మూత కింద మగ్గిన బఫే కూర కంటే వెయ్యి రెట్లు నయం.

ఇంకో సంగతి. మనవాళ్లు ఒక పాడ్ థాయ్ (వేయించిన బియ్యపు నూడుల్స్) తిని థాయ్ వంట చూసేశామనుకుంటారు. దాన్ని జాతీయ వంటకంగా ఊరూరా ప్రచారం చేసింది 1938-44 మధ్య ప్రధానిగా ఉన్న ఫిబున్ సోంగ్‌క్రామ్ ప్రభుత్వం. నాకైతే అది మరీ తీపి. అక్కడి ఉద్యోగస్తులు మధ్యాహ్నం తినేది పాడ్ క్రపావ్. అందులో వేసే ఆకు మన తులసి జాతే. కైమా కొట్టిన చికెన్, మిర్చి, వెల్లుల్లితో ఆ ఆకు వేయించి, వేడన్నం మీద వేసి, పైన అంచులు కరకరలాడే గుడ్డు పెడతారు. ఆ ఘాటుకి బండి దగ్గర నిలబడ్డవాళ్లందరికీ దగ్గొస్తుంది.

పురుగుల రీల్స్ గురించి కూడా చెప్పాలి. బ్యాంకాక్‌లో టూరిస్టులు తిరిగే ఖావ్‌సాన్ రోడ్డులో వేయించిన మిడతల బండి ముందు నిలబడి, మొహం వికారంగా పెట్టి "ఛీ ఛీ" అంటూ వీడియోలు తీస్తారు మనవాళ్లు. ఈసాన్ వాళ్లకి అది చిన్నప్పటి నుంచీ చిరుతిండి. తినకపోతే మానేయండి, అమ్ముకునే మనిషి ఎదురుగా ఆ మాట అనడమేమిటి? నాకు ఒళ్లు మండిపోతుంది. రైలు పట్టాల మీదే సాగే మేక్లాంగ్ మార్కెట్లోనూ ఇదే గోల. రైలు వస్తుంటే అమ్మేవాళ్లు పందిళ్లు మడిచి బుట్టలు వెనక్కి జరుపుకుంటారు, అది చూడాల్సిందే. కానీ అక్కడ చేపలు, కూరలు కొనుక్కోడానికి వచ్చే ఊరివాళ్లకి దారి లేకుండా సెల్ఫీ కర్రలతో అడ్డం నిలబడొద్దు.

బ్యాంకాక్‌లోనే చాటుచక్‌లో శని, ఆదివారాల్లో పెద్ద సంత. సాయంత్రం 6 గంటలకి మైకులో జాతీయగీతం రాగానే అంత జనమూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోతారు, మీరూ ఆగండి. బట్టలు, బ్యాగులు బేరమాడొచ్చు గానీ తిండి దగ్గర వద్దు. దానికి దగ్గర్లోనే ఓర్ టోర్ కోర్ మార్కెట్ ఉంది. ధర ఎక్కువే, కానీ అద్దంలా ఉంటుంది. పెద్దవాళ్లని ముందు అక్కడికే తీసుకెళ్లండి.

మీవాళ్లు శాకాహారులైతే జాగ్రత్త. కూరగాయల వేపుడులో కూడా చేపల సాసో, ఆయిస్టర్ సాసో పడుతుంది. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న బండి కోసం చూడండి, వాటిని "జే" అంటారు. మాంసం, గుడ్డు, పాలే కాదు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. గొడ్డుమాంసం, పందిమాంసం తినకపోతే "నువా", "మూ" అనే రెండు మాటలు నేర్చుకుని వద్దని చెయ్యి ఊపితే చాలు. పండ్ల బండి దగ్గర ఈ బాధేమీ లేదు. జామకాయో, పచ్చి మామిడికాయో ముక్కలు కోసి కవర్లో వేసి, ఉప్పు, పంచదార, కారం కలిపిన పొట్లం ఒకటి ఇస్తారు. ఏప్రిల్, మేలో వెళ్తుంటే కొబ్బరిపాలు పోసిన జిగురన్నం, మామిడిపండు మాత్రం ఇద్దరికీ వేరువేరుగా చెప్పండి. ఒక ప్లేటు చాలదు.